ఇంటి సాళ్లు

గోరీ ఒక్క పూట తిండికి మేకపోతును మింగబోతున్నదని జమ్లీ అన్నదట. అన్నది జమ్లీ, మోసుకొచ్చింది అంగన్‌వాడీ టీచరు శారద. గట్టు మీద చెప్పులు విడిచి, కుచ్చిళ్లు ఎత్తిపట్టి, మిరప తోటలోకి నాలుగడుగులు వేసి మరీ చెప్పింది.

"మేకను కోస్తె తండంత తలా ఇంత తింటది, వీళ్లు మేక పైసలు పోసి నాలుగు ఆకులు నమిలొస్తరట, అన్నదవ్వా. కొడుక్కు బొగ్గుబాయిల నౌకరి పర్మినెంటయితె తల్లికి నాలికె మారిందా, అన్నది. నేనన్న మాట గాదు మల్ల. ఆమె అన్నది."

"అననీయ్ టీచరమ్మా. జమ్లీ నోరు మూసిననాడు వానలు పడయి," అన్నది గోరీ. చెయ్యి మాత్రం ఆపలేదు. తొడిమెను రెండు వేళ్ల మధ్య పట్టి, పైకి ఒక్క తిప్పు తిప్పితే కాయ చేతిలోకొస్తుంది, కొమ్మ కదలదు.

కోస్తున్నది ఇంటి సాళ్లలో. తోట మొత్తం ఎకరం పది గుంటలు. అందులో బావి గడ్డ పక్కనున్న రెండు సాళ్లు వేరు. వాటిలోకి గోరీ మొగుడు మోతీలాల్ మందు పంపు పోదు. పురుగు పడితే గోరీ చేత్తో ఏరుతుంది, ముడత వస్తే బూడిద చల్లుతుంది. కాయలు వంకర, ఆకులకు చిల్లులు, చూడ్డానికి దిక్కులేని పిల్లల్లా ఉంటాయి ఆ మొక్కలు. ఇంటి కూరలోకి మాత్రం అవే, పెద్ద సాళ్లవి అంగడికి. బచ్చన్నపేట చుట్టుపక్కల ఏ చేనుకు పోయినా ఇట్లాంటి సాళ్లు రెండుంటాయి. టమాటలో ఉంటాయి, వంకాయలో ఉంటాయి. వాటి గురించి ఎవరూ మాట్లాడుకోరు. పొయ్యి కింద నిప్పున్నదని ఎవరైనా చెప్పుకుంటారా?

"ఇంతకు గా తిండేందవ్వా?" అని శారద గొంతు తగ్గించింది.

అదే గోరీకీ తెలియదు. ఫోన్లో కొడుకు నరేశ్ చెప్పినదాంట్లో సగమే అర్థమైంది. ఆటల పార్కు అంటే జాతర లాంటిది. జాతరలో తిండి అంటే బండి దగ్గర మిర్చీలు. మరి ముందుగా పేరు రాయించుకొని, చెప్పిన గంటకు పోయి, ఏడుసార్లు ఏడు పళ్లేలలో తినేది ఏ తిండి? పెండ్లి గాదు, దినం గాదు. "ఇన్నేండ్లు నిలబడే తిన్నవ్ యాడీ, ఒక్కసారన్న కూసొని తిను, నీకు వడ్డించెటోళ్లు వడ్డిస్తరు," అన్నాడు కొడుకు. యాడీ అంటే వాళ్ల లంబాడీ మాటలో అమ్మ. ఆ పిలుపులో ఉన్న ముద్దుకు ఆమె ఊఁ అన్నది గాని, తిండికి కాదు.

"ఏమో తీయ్," అన్నది గోరీ. "వాని సంబురం."

ఆ శుక్రవారం మధ్యాహ్నం కూలికి బాలనర్సయ్య పత్తి చేనుకు గడ్డిమందు. పంపు మోతీలాల్ వీపున, నీళ్ల బిందె గోరీ నెత్తిన. మోతీలాల్ మాటలు తక్కువ, దగ్గు ఎక్కువ మనిషి. మందు పత్తి మీద పడితే పత్తీ పోతుంది కనుక, పంపు మూతికి గరాటు లాంటి ప్లాస్టిక్ డొప్ప తొడిగి, నడుం వంచి, నేలకు జానెడెత్తున పట్టి సాలు వెంట నడుస్తున్నాడు. సాళ్ల నడుమ గరిక, తుంగ. వాటి మధ్య ఎర్ర కాడలతో, మందపాటి చిన్న ఆకులతో నేలంతా పరుచుకున్న గంగవాయిలి. పప్పులో వేస్తే పుల్లగా ఉండే కూర. గడ్డిమందు వచ్చాక చేనులో మొలిచిన గంగవాయిలిని గోరీ పొయ్యి ఎక్కించలేదు.

గడ్డిమందుకు తొందరుండదు. కొట్టిననాడు గడ్డి ఇంకా నిగనిగలాడుతుంది. మూడోనాడు చిన్నబోతుంది. వారానికి పసుపెక్కి నేలకంటుకుంటుంది.

పని అయ్యాక బావి దగ్గర పంపు కడిగి, పొద్దుగూకే వేళ ఇంటికొస్తుంటే జమ్లీ తన గడప ముందు కూర్చొని పాత చీరను చింపుతున్నది. నెమలికంఠం రంగు చీర, దాని మీద తెల్ల చుక్కలు. పోయినేడు తీజ్ పండుగకు అదే కట్టి ఆడింది. వేలెడు వెడల్పున పేలికలు చింపి, మోకాలి మీద వేసుకొని, పక్కన తడి గోనెపట్టా మీదున్న కుప్పలోంచి పిడికెడు పిడికెడు తీసి కట్టలు కడుతున్నది. గంగవాయిలే. ప్రతి శనివారం తెల్లారి యాకయ్య జనగామ నుంచి ఆటోట్రాలీ తెచ్చి ఆ కట్టలు తూకమేసుకొని పోతాడు. పట్నం పోతాయంటాడు. పట్నంలో ఎవరు తింటారో జమ్లీకి తెలియదు, ఆమెకు అక్కర్లేదు కూడా. మొగుడు పోయాక ఆమె ఇల్లు నడుస్తున్నది ఆ కట్టల మీదే.

"ఏం జమ్లీ, నేను మేకపోతును మింగుతున్ననట?"

"మింగు అక్కా. ఎవరద్దన్నరు? బొక్కలుంటె మాకెయ్యి," అన్నది జమ్లీ తలెత్తకుండానే.

"కూర ఎక్కడికెల్లి తెచ్చినవ్?"

"ఎక్కడున్నదో అక్కడికెల్లి."

ఇద్దరూ నవ్వుకున్నారు. గోరీ చేతులు ఇంకా మందు వాసన వేస్తున్నాయి. వేపాకు నలిపి రుద్దుకోవాలని గుర్తొచ్చి ఇంట్లోకి పోయింది.

ఆదివారం తెల్లారకముందే పట్నం బయలుదేరారు. భూపాలపల్లి నుంచి ముందురోజు కారు కిరాయికి తీసుకొచ్చిన నరేశ్, అతని భార్య శ్రీలత, ఆరేళ్ల బిడ్డ దీప, గోరీ, మోతీలాల్. దసరా సెలవులు కనుక పార్కు నిండా పిల్లలే. గోరీ పడవ ఊయల ఎక్కి కళ్లు మూసుకొని తండాలోని దేవుళ్లందరినీ పిలిచింది. దిగాక నేల మీద కూర్చుంది. దీప పకపక నవ్వుతూ, "దాదీ, మల్ల ఎక్కుదామా?" అని కొంగు పట్టి గుంజింది. మోతీలాల్ నీటి జారుడుబండ పక్కన నిలబడి, ఇన్ని నీళ్లు ఏ బోరులోంచి వస్తున్నాయని అక్కడున్న కావలాయనను మూడుసార్లు అడిగాడు.

పన్నెండున్నరకు నరేశ్ వాళ్లను పార్కు చివరన రాతికోట లాగా కట్టిన హోటల్లోకి తీసుకుపోయాడు. లోపల చలి. ఎక్కడా వంట వాసన లేదు. వంట వాసన లేని చోట ఏం తింటారని గోరీ అనుకున్నది. నల్లకోటు వేసుకున్న ఒకామె వచ్చి కుర్చీ వెనక్కి లాగింది. ఆ కుర్చీ వేరేవాళ్లదేమోనని గోరీ పక్కకు జరిగింది.

"మీకేనమ్మా, కూర్చోండి," అన్నది నల్లకోటామె.

"కూసో యాడీ," అన్నాడు నరేశ్. అతని ముఖం వెలిగిపోతున్నది. చెల్లెలి పెండ్లికి అందరికీ వడ్డించి, ఆఖరికి గంజు అంచున నిలబడి అడుగంటిన అన్నం గీక్కొని తిన్న తల్లిని అతడు మరిచిపోలేదు. గోరీ కూర్చున్నది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుంటే, నల్లకోటామె వాటి మీద తెల్లగుడ్డ పరిచింది.

మొదట గుక్కెడు చింతచారు వచ్చింది, అంగుళమంత గ్లాసులో. తర్వాత ఎండుటాకంత పలుచని జొన్న అప్పడం. ఆ తర్వాత గాజుబుడ్డి కింద పొగ. బుడ్డి ఎత్తితే పొగ పోయి రెండు మాంసం ముక్కలు మిగిలాయి. దీప చప్పట్లు కొట్టింది. తండాలో దావతుకు పళ్లెం చిన్నది, తిండి పెద్దది. ఇక్కడ పళ్లెం చేటంత, తిండి కందిగింజంత. ఎక్కువ తినాలో, ఆపి తినాలో, బాగుందనాలో ఊరుకోవాలో గోరీకి తోచలేదు. కొడుకు తన నోటి వంకే చూస్తున్నాడు. అందుకని ప్రతి ముద్దకూ తల ఊపింది.

"అసలు అన్నం ఎప్పుడు పెడ్తరు?" అన్నాడు మోతీలాల్ చిన్నగా.

"ఊకో బాపూ," అన్నాడు నరేశ్.

నాలుగో వరసకు నల్లకోటామె వెదురు బుట్టొకటి తెచ్చి బల్ల మధ్య పెట్టింది. వెనకాల ఇంకొకాయన చిన్న పళ్లేలు అమర్చాడు.

"ఇది మా దగ్గర స్పెషలమ్మా. మన తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్లు చేలల్లో ఏరిన కూర. ఒక్క చుక్క మందు తగలనిది. నిన్న పొద్దున్న కోసింది, చూడండి, ఎంత తాజాగా ఉందో."

గోరీ చూసింది. బుట్టలో గంగవాయిలి కట్టలు. ఎర్ర కాడలు, మందపాటి ఆకులు. కట్టకు కట్టకు నెమలికంఠం రంగు పేలిక, దాని మీద తెల్ల చుక్కలు.

అప్పటికే దీప తన పళ్లెంలోంచి వేళ్లతో ఆకులు తీసి నోట్లో వేసుకుంది.

"ఉమ్మెయ్! ఉమ్మెయ్ బిడ్డా!"

కుర్చీ వెనక్కి పడింది. ఎడమ చేత్తో పిల్ల దవడలు అదిమి, కుడిచేతి చూపుడు వేలు నోట్లో పెట్టి, చెంప సందుల్లోంచి ఆకు తునకలు తోడి తెల్లగుడ్డ మీద పడేసింది గోరీ. చింతగింజ మింగబోయిన పిల్లకు చేసినట్టే చేసింది. దీప గుక్కపట్టి ఏడ్చింది. బల్లల దగ్గరి చెంచాలన్నీ ఒక్కసారి ఆగాయి.

"పాపకు పడదా అమ్మా ఇది?" అని నల్లకోటామె కంగారుపడింది.

"మందు కొట్టిన కూర గిది," అన్నది గోరీ.

తెల్లటోపీ పెట్టుకున్న వంటాయన లోపలి నుంచి వచ్చాడు. మర్యాదస్తుడు. ఆమె కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చొని అడిగాడు. "ఎట్లా తెలుసమ్మా మీకు? ఎక్కడి కూరో తెలిస్తే చెప్పండి. పంపేవాళ్లను ఇప్పుడే ఆపేస్తాం. పేరు చెప్పండి చాలు."

పేరు నాలుక చివరనే ఉన్నది. కానీ తాను చూసిందేమిటి? మోతీలాల్ వీపున పంపు చూసింది. జమ్లీ మోకాలి మీద పేలికలు చూసింది. రెంటికీ నడుమ జమ్లీ ఏ చేనులో వంగిందో చూడలేదు. కుంట కట్ట మీద కోసి ఉండొచ్చు. ఎవరి పడావు భూమిలోనో కోసి ఉండొచ్చు. చూడనిదాన్ని చూసినట్టు చెబితే వచ్చే శనివారం జమ్లీ గడప ముందు ఆటో ఆగదు. చెప్పకపోతే తాను పిచ్చిది.

"సారీ సార్," అన్నాడు నరేశ్, లేచి నిలబడి. "మా మదర్‌కు తెల్వదు. పల్లెటూరి మనిషి."

మదర్ అన్నాడు. ఎవరి గురించి అంటున్నాడోనని గోరీ ఒక్క క్షణం పక్కకు చూసింది.

వంటాయన, నల్లకోటామె నవ్వు ముఖాలతో వెనక్కి పోయారు. నరేశ్ కూర్చున్నాడు. తన పళ్లెంలోని కూర తిన్నాడు. తల్లి పళ్లెం లాక్కొని అదీ తిన్నాడు, ఒక్కొక్క ఆకే ఏరుకొని, ఆమె కళ్లలోకి చూస్తూ. శ్రీలత ఫోను వంక చూస్తూ పిల్ల వీపు నిమురుతున్నది. మోతీలాల్ తన ఒళ్లోని తెల్లగుడ్డ తీసి పళ్లెం మీద కప్పి, రెండుసార్లు దగ్గాడు.

తర్వాత ఇంకా మూడు పళ్లేలు వచ్చాయి. వాటిలో ఏమున్నదో గోరీకి గుర్తులేదు.

సోమవారం డ్యూటీకి పోతూ నరేశ్ బ్యాగు భుజానికి తగిలించుకొని గుమ్మంలో ఆగాడు. "మందు కొట్టిన కూరయితె నాకేమన్న కావాలె గద? అయ్యిందా? అంత మందిల నా ఇజ్జత్ తీసినవ్." చేతిలో పెట్టబోయిన పచ్చిమిరపకాయల కవరు అందుకోలేదు. భార్యను, బిడ్డను సెలవులయ్యేదాకా తండాలో దింపి, శనివారం వచ్చి తీసుకుపోతానని శ్రీలతకు చెప్పి వెళ్లిపోయాడు.

మోతీలాల్ కల్లు కాడ ఏం వాగాడో, మంగళవారానికి మాట తండా అంతా తిరిగింది. గోరీ పిల్ల నోట్లోంచి ముద్ద గుంజిందట, హోటలోళ్లు పోలీసులను పిలుస్తామన్నారట. జమ్లీ కూడా అందరితో పాటే నవ్వింది.

గోరీ పొద్దున లేచీ లేవగానే దీప నొసటి మీద చెయ్యి పెట్టి చూస్తున్నది. ఒళ్లు వెచ్చగా లేదు. కడుపునొప్పి అనలేదు. పిల్ల లేడిపిల్లలా గంతులేస్తున్నది. భూపాలపల్లి నుంచి ఫోనొస్తే శ్రీలత మాటల్లో నరేశ్‌కూ ఏమీ లేదని తెలుస్తున్నది. గోరీకి సంతోషమే. కానీ ఆ సంతోషం అడుగున, ఏమీ కాలేదేమిటన్న చిన్న నలుసొకటి తగిలింది. ఏమై ఉంటే బాగుండేది? ఎవరికి? తన మనసును చూసి తానే జడుసుకొని, వాకిలి రెండుసార్లు ఊడ్చింది.

ఆ సాయంత్రం శ్రీలత పొయ్యి దగ్గరికొచ్చి కూర్చుంది. మహబూబాబాద్‌లో డిగ్రీ చదివిన పిల్ల. అత్తతో తెలుగే మాట్లాడుతుంది. "అత్తమ్మా, నిజంగనే మందు కొట్టిందేనా అది? నాకైతె చెప్పు. పిల్ల ఒక్క ఆకన్న మింగిందేమో అని నాకు నిద్ర పడ్తలేదు."

"నాకు తెల్వది బిడ్డా," అన్నది గోరీ.

"తెల్వకుంటె గంతగనం ఎందుకు చేసినవ్?"

తెలిసిన మనిషి నిదానంగా చెబుతుంది. తెలియదు కనుకనే చెయ్యి ముందు పోయింది. ఈ మాట కోడలికి ఎట్లా చెప్పాలో తెలియక పొయ్యిలోకి చితుకు తోసింది.

బుధవారం బాలనర్సయ్య చేనుకు పోయింది. కొట్టి ఆరోనాడు. సాళ్ల నడుమ గరిక పసుపెక్కింది, తుంగ వాలింది, గంగవాయిలి ఉడికిన కూరలా మెత్తబడి నేలకంటుకుంది. వంగి వంగి చూసుకుంటూ పోయింది. కుంట వైపు సాళ్లకు వచ్చేసరికి కాళ్లు ఆగాయి. అక్కడ కాడలకు కొసలు లేవు. గోటితో గిల్లిన మొదళ్లు వరసగా ఎండి ఉన్నాయి. గిల్లింది మందు కొట్టకముందా, కొట్టినాకనా? ఆనాడు నీళ్లు మోస్తూ ఈ సాళ్ల నడుమనే పదిసార్లు తిరిగింది. అప్పుడు కొసలున్నాయా, లేవా? కళ్లు మూసుకొని గుర్తు చేసుకోబోయింది. బిందె బరువు గుర్తొచ్చింది గాని నేల గుర్తు రాలేదు. ఒక మొదలు తుంపి వాసన చూసింది. మన్ను వాసన. కొంగున కట్టుకొని వచ్చింది. ఎందుకో తెలియదు. ఎవరికీ చూపించలేదు.

గురు, శుక్రవారాలు జమ్లీ ఎదురుపడలేదు. పడకుండా ఎవరు ఎవరిని తప్పించుకున్నారో చెప్పడం కష్టం.

శనివారం పొద్దున నరేశ్ జనగామ బస్సు దిగే వేళకు గోరీ రోడ్డు మీదికొచ్చి నిలబడింది. చేతిలో మళ్లీ ఆ కవరే, ఇంటి సాళ్లలో అప్పుడే కోసిన పచ్చిమిరపకాయలు. ఈసారన్నా అందుకుంటాడేమోనని. యాకయ్య ఆటోట్రాలీ అప్పటికే ఆగి ఉన్నది. వెనకాల తరాజు కొక్కేనికి కట్టలు వేలాడదీసి తూకమేస్తున్నాడు. నెమలికంఠం రంగు పేలికలు గాలికి కదులుతున్నాయి. జమ్లీ పక్కన నిలబడి ముల్లు వంక చూస్తున్నది. అంగన్‌వాడీ గుడ్ల కోసం వచ్చిన శారద, పని లేకున్నా ఆగింది. శారదకు చెవులే కాళ్లు.

బస్సొచ్చింది. నరేశ్ దిగి, తల్లిని చూసి, చూడనట్టు పక్క నుంచి పోబోయి, తరాజు దగ్గర ఆగిపోయాడు. పేలిక వంక చూశాడు. దగ్గరికి పోయి కట్ట చేతిలోకి తీసుకొని తెల్ల చుక్కలు వేలితో తడిమాడు.

"యాడీ," అన్నాడు. వారం తర్వాత ఆ పిలుపు. "హోటల్ల గిదేనా?"

గోరీ తల ఊపింది.

"గందుకేనా నువ్వు పేరు చెప్పలే?"

ఆమె జమ్లీ వైపు తిరిగింది. ఇంత మందిలో అడగాలనుకోలేదు. కానీ అడగకపోతే ఈ పిలుపు మళ్లీ మదర్ అయిపోతుందేమోనని భయమేసింది.

"జమ్లీ, గా శుక్రారం కూర బాలనర్సయ్య చేన్లదేనా? మందు కొట్టకముందు గిల్లినవా, కొట్టినంక గిల్లినవా? ఒక్క మాట చెప్పు."

యాకయ్య చేతిలో కట్ట అట్లాగే ఆగింది. జమ్లీ ముఖంలో ముందు నవ్వొచ్చింది, అది నిలవలేదు.

"మీరు పంపు కడగబోయినంక గిల్లిన," అన్నది. "పచ్చగనే ఉండె. కుంట కట్ట మీద కూర అయిపోయింది. యాకయ్యకు ఇరవై కట్టలు చెప్పి ఉంటి."

"అరే, మందు లేని కూర అని అంటివి గద!" అన్నాడు యాకయ్య.

"నువ్వే అన్నవ్. నేనెన్నడన్న?"

నరేశ్ చేతిలోని కట్ట ఆటోలోకి విసిరికొట్టాడు. "మా పిల్ల నోట్లకొచ్చింది గది! నేను రెండు పళ్లేలు తిన్న! నీ ఇంట్ల వండుకొని తింటవా గీ కూర? చెప్పు, నీ పిల్లలకు పెడ్తవా?"

"ఎందుకు పెడ్త? తెల్సి తెల్సి ఎవరన్న పెడ్తరా?" అన్నది జమ్లీ. గొంతు పెంచలేదు. ఆమె కళ్లు నరేశ్ మీది నుంచి దిగి గోరీ చేతిలోని కవరు మీద ఆగాయి. వంకర కాయలు, చిల్లుల ఆకు ఒకటి వాటికి అంటుకొని ఉన్నది.

"గా కవర్ల మిరపకాయలు ఏ సాళ్లయి అక్కా? ఇంటి సాళ్లయే గద. మరి పెద్ద సాళ్లయి ఎవరి పిల్లలు తింటున్నరు?"